వంతెన ఇవతలి స్టేషన్

జాలవాగు,
జూన్ 1988.

సర్వరీ అబ్బాకు,

మీ షాకేరా సలాములు. మీరు సికింద్రాబాద్ చేరినట్టు రాసిన కార్డు అందింది. "క్షేమం, మెస్సులో పప్పు నీళ్లు" అని ఒక్క ముక్క రాసి సంతకం పెట్టేశారు. పొద్దస్తమానం గడ్డర్లకు రివిట్లు కొట్టే చేతికి కలం బరువేనని తెలుసు. అయినా పెళ్లానికి ఇంకో నాలుగు మాటలు రాస్తే మీ వర్క్‌షాపు మునిగిపోదు.

ముందు మంచి మాట. సర్వరీకి కొత్తగూడెం కాలేజీలో ఇంటర్ సీటు వచ్చింది. జాలవాగులో పదో తరగతి దాటిన మొదటి ఆడపిల్ల మన పిల్లే. పొద్దున ప్యాసింజర్‌కు పోయి, సాయంత్రం దానికే తిరిగి వస్తోంది. "మూసేసిన స్టేషన్‌లో నేను బండి ఎక్కుతాను" అని అక్కడ చెబితే తోటి పిల్లలు పగలబడి నవ్వారట. ఇంటికొచ్చి మూతి ముడుచుకుని కూర్చుంది. అప్పుడు దాన్ని పక్కన కూర్చోబెట్టుకుని మన స్టేషన్ సంగతి మొదటి నుంచీ చెప్పాను.

ఈ లైను వేసినప్పుడు ఇక్కడ ఊరు లేదు, అడవి ఉండేది. బొగ్గు బండ్లు లాగే ఇంజన్లకు దారిలో నీళ్లు కావాలి. మండు వేసవిలో కూడా ఎండని వాగు ఇదొక్కటే కనుక ఇక్కడ బావి తవ్వి, ట్యాంకు కట్టారు. నీళ్ల కోసం ఇంజన్ ఆగేది. ఇంజన్ ఆగుతోంది కాబట్టి ప్లాట్‌ఫారం కట్టారు, ప్లాట్‌ఫారం ఉంది కాబట్టి మా అబ్బా చాయ్ దుకాణం పెట్టాడు. ఊరు ఆ తర్వాత వచ్చింది. ఫైర్‌మన్‌కు ఒక చాయ్ ఇస్తే ఇంజన్ నుంచి బిందెడు మరిగే నీళ్లు వదిలేవాడు. మా అబ్బా పొయ్యి మీద పాలు తప్ప నీళ్లు కాచి ఎరగడు. ఊళ్లో ఎవరు కన్నా బాలింత స్నానానికి ఇంజన్ నీళ్లే. నేను పుట్టినప్పుడు మా అమ్మకూ, సర్వరీ పుట్టినప్పుడు నాకూ పోసింది ఆ నీళ్లే. విస్తరాకులు కుట్టే మన ఆదెమ్మ లేదూ, "మామూలు నీళ్లల్ల ఏమున్నది బిడ్డా, ఇంజన్ నీళ్లు పోస్తే నడుం గట్టిపడతది" అని బిందె నెత్తిన పెట్టుకుని తెచ్చింది.

తర్వాత డీజిల్ ఇంజన్ వచ్చింది. దానికి మన నీళ్లతో పని లేదు. స్టేషన్ మాస్టర్‌ను పంపేశారు, పేరు బోర్డు పీక్కుపోయారు, టైం టేబుల్‌లో పేరు కొట్టేశారు. బండి మన ముందు నుంచే ఆగకుండా పోతుంటే చూస్తూ కూర్చున్నాం. ఎనభై ఆరు వరదలో వంతెనను మోసే ఇనుప దూలం, అదే మీ గడ్డర్, పగిలింది కనుక బతికిపోయాం. ఇప్పుడు మళ్లీ ప్రతి బండీ వంతెన ముందు ఎర్ర బోర్డు దగ్గర పూర్తిగా ఆగాలి. డ్రైవర్ దిగి వంతెన కాపలాదారు గోప్యా పుస్తకంలో సంతకం పెట్టి, మనిషి నడిచినంత మెల్లగా వాగు దాటించాలి. ఆ బోర్డు సరిగ్గా మన పాత ప్లాట్‌ఫారం చివర ఉంది. డ్రైవర్ సంతకం పెట్టి నా చాయ్ తాగేలోపు ఊరంతా ఎక్కేస్తుంది. సాయంత్రం బండి వాగు అవతల ఆగితే గోప్యా మన వాళ్లందరినీ వంతెన మీదుగా నడిపించుకుని వస్తాడు.

ఒకటి చెబితే నవ్వుతారు. ఆదెమ్మ ప్రతి శుక్రవారం పోయి ఆ పగులుకు పసుపు కుంకుమ పెడుతోంది. "ఈ పగులు సల్లగుండాలె తల్లీ" అని మొక్కుతుంది. నేను నవ్వాను కానీ లోపల ఆమీన్ అనుకున్నాను.

పప్పు నీళ్లగా ఉంటే పచ్చడి కలుపుకోండి, సీసా అడుగున ఇంకా ఉంటుంది.

మీ
షాకేరా


సికింద్రాబాద్,
ఆగస్టు 1988.

ప్రియమైన షాకేరాకు,

నీ ఉత్తరం మెస్సులో అందరికీ చదివి వినిపించాను. ఆదెమ్మ పసుపు దగ్గర మా మిస్త్రీ చందూలాల్ కళ్లనీళ్లు వచ్చేలా నవ్వాడు. సర్వరీకి నా తరఫున ఒక పెన్ను కొనిపెట్టు, మంచిది, సిరా కారనిది.

ఇక రాయాలని లేకపోయినా రాయాల్సిన సంగతి. సోమవారం పొద్దున వర్క్‌షాపు గోడకు కొత్త డ్రాయింగ్ అంటించారు. దాని మీద వంతెన పేరు చదివాను. జాలవాగు. మన పగిలిన గడ్డర్ తీసి కొత్తది వేస్తారు. ఈ పని ఎవరికివ్వాలా అని చందూలాల్ చూస్తుంటే నేనే అడిగి తీసుకున్నాను.

చలికాలంలో తెచ్చి ఎక్కిస్తారు. ఎక్కించాక వేగం ఒక్కసారిగా పెంచరు. ముందు గంటకు పది కిలోమీటర్లు, తర్వాత ఇరవై, ముప్పై, ఇట్లా బోర్డులు మారుస్తూ పోతారు. చివరికి బోర్డు తీసేస్తారు. ఆ తర్వాత అక్కడ బండి ఆగే పని లేదు.

నువ్వేమంటావో నాకు తెలుసు. అయినా ఈ మాట ఇంకొకరి నోటి నుంచి నీ చెవిన పడకూడదని నేనే రాస్తున్నాను.

నీ
మహబూబ్ అలీ


జాలవాగు,
ఆగస్టు 1988.

సర్వరీ అబ్బాకు,

అడిగి తీసుకున్నారా? పైగా అది నాకు గొప్పగా రాస్తున్నారా?

మీ ఉత్తరం చదివి రెండు రోజులు పొయ్యి వెలిగించలేదు. డ్రైవర్ వచ్చి "చాయ్ లేదా అమ్మా" అంటే లేదన్నాను. సంగతి ఊరికి చెప్పక తప్పలేదు. దమ్మపేట నుంచి వచ్చి ఇక్కడ పొలాలు కొన్న బసవపున్నయ్య గారు, "మీ ఆయన చేతనే మన బండి ఆగకుండ చేపిస్తున్నరన్న మాట" అని నవ్వాడు. ఆయనకేం, ట్రాక్టర్ ఉంది. ఆదెమ్మ నవ్వలేదు, తిట్టలేదు. "మహబూబు గట్ల చెయ్యడు" అని ఒకే మాట అని విస్తర్లు కట్టుకుని పోయింది. తిట్టినా బాగుండేది.

నేను సూటిగా అడుగుతున్నాను. పని మీ చేతిలో ఉంది. నెమ్మదిగా చేయండి. ఒంట్లో బాగా లేదని పడుకోండి, రివిట్లు సరిగా లేవని మళ్లీ తీయించండి. రెండేళ్లు లాగితే చాలు, సర్వరీ ఇంటర్ అయిపోతుంది. మొగుణ్ని చీర అడగలేదు, సొమ్ములు అడగలేదు, ఆలస్యం అడుగుతున్నాను. అది కూడా ఇవ్వలేరా?

వానలకు అడవి దారి మునిగింది, బస్సు రోడ్డు దాకా పోవాలన్నా వాగులు దాటాలి. బండి ఆగకపోతే మన పిల్ల చదువు ఆ రోజే ఆగిపోతుంది. ఈ మాట గుర్తుపెట్టుకుని సుత్తి ఎత్తండి.

షాకేరా


సికింద్రాబాద్,
సెప్టెంబర్ 1988.

ప్రియమైన షాకేరాకు,

నీ ఉత్తరం ఎవరికీ చదివి వినిపించలేదు.

నెమ్మదిగా చేయను. కోపం వస్తే రానీ, నా మాట పూర్తిగా విను. బండి ఎర్ర బోర్డు దగ్గర ఆగేదాకా నీకు కనిపిస్తుంది. సర్వరీ ఎక్కేదాకా చూస్తావు. ఆ తర్వాత నువ్వు గ్లాసులు కడుక్కోవడానికి లోపలికి పోతావు. బండి ఎక్కడికి పోతుంది షాకేరా? ఆ పగిలిన గడ్డర్ మీదికే పోతుంది. మన పిల్ల కిటికీ పక్కన కూర్చుని పొద్దున ఒకసారి దాని మీదుగా పోతుంది. సాయంత్రం పట్టాల మీద నడుచుకుంటూ అదే దాటి వస్తుంది. ఆ పగులు ఎంత ఉందో నేను డ్రాయింగ్‌లో చూశాను. నువ్వు చూసి ఉంటే ఆదెమ్మ చేతిలో పసుపు గిన్నె లాగేసేదానివి.

ఈ పని ఇంకొకరికి పోతే వాళ్లకది మామూలు గడ్డర్. నాకు కాదు, అందుకే అడిగి తీసుకున్నాను. ప్రతి రివిట్‌ను ఎర్రగా కాల్చి కొట్టి, చల్లారాక సుత్తితో తట్టి వింటున్నాను. వదులుగా ఉన్నది ఏదైనా తీసి పారేస్తున్నాను. ఆ విధంగా కొంచెం ఆలస్యం అవుతోంది, కావాలంటే అది నీ లెక్కలో వేసుకో.

బండి ఆపించుకోవాలి, సరే. విరిగిన వంతెనతో కాదు. ఇంకో దారి వెతుకు. వెతికితే దొరుకుతుంది, నీ మొండితనం నాకు తెలియనిదా.

నీ
మహబూబ్ అలీ


జాలవాగు,
జనవరి 1989.

సర్వరీ అబ్బాకు,

మీరు తర్వాత రాసిన రెండు ఉత్తరాలూ అందాయి. జవాబు రాయలేదు, కోపంతోనే రాయలేదు. ఇప్పుడు రాస్తున్నానంటే మొత్తం తగ్గిందని కాదు.

మీ గడ్డర్ పోయిన నెల వచ్చింది. పెద్ద వ్యాగన్ మీద తెచ్చారు, వెంట క్రేను, గ్యాంగు మనుషులు. ఊరంతా పోయి ముఖాలు మాడ్చుకుని నిలబడ్డాం. వాళ్లకు మంచినీళ్లు కూడా ఇవ్వకూడదని నేనే అందరికీ చెప్పి పెట్టాను. వ్యాగన్ దగ్గరికి వచ్చాక సర్వరీ నా కొంగు లాగి, "అమ్మీ, అబ్బా రాత" అంది. ఇనుము పక్కన సుద్దతో పెద్ద అక్షరాల్లో జాలవాగు అని ఉంది. దారిలో మంచుకు తడిసి కొంచెం చెదిరింది కానీ చదవొచ్చు. బోర్డు పీకేసినప్పటి నుంచి మా ఊరి పేరు రైల్వే వస్తువు మీద ఎక్కడా చూడలేదు. ఆ రోజు మధ్యాహ్నానికి గ్యాంగు అందరికీ చాయ్ పోశాను. బసవపున్నయ్య గారి భార్య భారతమ్మ గారు పులిహోర చేసి పంపించింది.

గడ్డర్ ఎక్కించాక ఆదెమ్మ పసుపు గిన్నెతో పోయి చాలాసేపు వెతికింది. "పగులు లేదు గదనే, ఏడ పెట్టాలె" అని నన్ను అడిగింది. ఆమే ఆలోచించుకుని, "పిల్ల దీని మీదికెల్లే పోవాలె గద" అని కొత్త గడ్డర్‌కే బొట్టు పెట్టి వచ్చింది.

మీరు రాసినట్టే బోర్డులు మారాయి. పది ఉన్నప్పుడు మన వాళ్లు ఎక్కగలిగారు. ఇరవై బోర్డు పెట్టాక కూడా మన ఊరి జంపయ్య పరుగెత్తి తలుపు పక్క కమ్మీ పట్టుకున్నాడు, పట్టు జారింది. ప్రాణానికి గండం తప్పింది, కాలు విరిగింది. కొత్తగూడెం దవాఖానాలో ఉన్నాడు. వాణ్ని మోసుకుంటూ బస్సు రోడ్డు దాకా పోయినప్పుడే నేను గట్టిగా అనుకున్నాను, ఈ బండి వెంట మా ఊళ్లో ఎవరూ పరుగెత్తకూడదని.

మరునాడు అందరినీ పిలిచి చెప్పాను. "ఉరకొద్దు. పట్టాల మీదికి దిగొద్దు. చెయ్యి ఊపొద్దు, గుడ్డ ఊపొద్దు. పోయేటోళ్ల లెక్క తయారై, మూట పట్టుకొని ప్లాట్‌ఫారం మీద నిలబడుదం. గంతే."

"నిలబడితే ఏమైతది?" అన్నాడు బసవపున్నయ్య గారు.

"ఏమీ కాకపోతే రేపు మల్ల నిలబడుదం" అన్నాను.

మీరే ఎప్పుడో చెప్పారు కదా, పట్టాల పక్కన గుంపుగా మనుషులు కనిపిస్తే డ్రైవర్ హారన్ కొట్టి బండిని అదుపులోకి తెచ్చుకుంటాడని. మొదటి రోజు అట్లాగే చేశాడు. మెల్లగా వచ్చి, మేం ఎవరమూ కదలకపోయేసరికి మా ముఖాలు చూసుకుంటూ పోయాడు. రెండో రోజూ అంతే. పోయిన వారం చివరి బోర్డు కూడా తీసేశారు. మేం మాత్రం రోజూ తలలు దువ్వుకుని, ఉతికిన బట్టలు కట్టుకుని నిలబడుతున్నాం. 

సర్వరీ చదువు ఆగలేదు. తెల్లవారకముందే గోప్యాతో కలిసి బయలుదేరుతుంది. వంతెన కాపలా పోయాక వాడిని పట్టాలు చూసుకుంటూ నడిచే పనిలో వేశారు. వాడి వెంట లైను పక్కనే నడిచి వెనకటి స్టేషన్ గండిపాడులో బండి ఎక్కుతుంది. అదే బండిలో మన ఊరి మీదుగా పోతుంది. నేను ప్లాట్‌ఫారం మీద, అది కిటికీలో. ఒకరినొకరు చూసుకుంటాం. చెయ్యి ఊపొద్దని నేనే నియమం పెట్టాను కనుక నేను ఊపను. దానికి నియమం లేదు, రెండు చేతులూ ఊపుతుంది. బండి వంతెన దాటేదాకా చూసి అప్పుడు లోపలికి పోతాను. సాయంత్రం గండిపాడులోనే దిగి చీకటి పడేవేళకు ఇల్లు చేరుతుంది.

సుద్ద రాత వానకు పోకముందే గోప్యా అవే అక్షరాలను తెల్ల రంగుతో దిద్దాడు. మీకు చెప్పమన్నాడు.

మీ
షాకేరా


సికింద్రాబాద్,
ఫిబ్రవరి 1989.

ప్రియమైన షాకేరాకు,

"మీ షాకేరా" అని మళ్లీ రాశావు. ముందు అదే చూసుకున్నాను, ఆ తర్వాత ఉత్తరం చదివాను.

జంపయ్య సంగతి విని బాధ కలిగింది. ఇక సర్వరీ ఆ చీకట్లో, ఆ అడవిలో నడుస్తోందని ఇక్కడ నేనూ ఆ వేళకే లేచి కూర్చుంటున్నాను. గోప్యా ఉన్నాడని సర్దిచెప్పుకుంటున్నాను. వద్దని రాద్దామని కాగితం తీశాను, రాయలేకపోయాను. మీ ఇద్దరిలో ఎవరూ వినరు కూడా.

మొన్న డోర్నకల్ వైపు నుంచి వచ్చిన ఒక డ్రైవర్ మా మెస్సులో భోంచేశాడు. నేను ఎవరో ఆయనకు తెలియదు. మాటల్లో మాటగా, "ఆ లైన్ల ఒక ఊరున్నది. రోజు పొద్దుగాల పెండ్లికి పోయేటోళ్ల లెక్క తయారై నిలబడతరు. అరవరు, అడగరు. ఆళ్లను దాటిపోవుడంటే పానం ఒప్పదు" అన్నాడు. వాళ్ల దగ్గర బండి మెల్లగా నడపక తప్పడం లేదని, ఆలస్యానికి కారణం రోజూ రాసిస్తున్నారని, వెనక బొగ్గు బండ్లు కూడా నిలిచిపోతున్నాయని చెప్పాడు. "అందరికంటే ముందుగాల ఒకామె నిలబడతది. ఆమె కండ్లు ఎప్పుడూ కిటికీల మీదనే ఉంటయి" అన్నాడు.

ఆమె నా భార్య అని చెప్పాను. ఆయన లేచి వచ్చి నా చెయ్యి పట్టుకున్నాడు.

నిలబడు షాకేరా. గడ్డర్ గురించి భయం లేదు, దాని సంగతి నాది. ఇవతల సంగతి నీది.

నీ
మహబూబ్ అలీ


జాలవాగు,
మార్చి 1989.

సర్వరీ అబ్బాకు,

తొందరగా రాస్తున్నాను, రాత వంకరగా ఉంటే సర్దుకోండి.

పోయిన నెల చివర ఒక రైల్వే ఆఫీసర్ పట్టాల మీద నెట్టుకొచ్చే ట్రాలీలో వచ్చాడు. మేం నిలబడే వేళకే వచ్చి మాతోపాటు నిలబడ్డాడు. బండి మెల్లగా దాటిపోయాక ఆదెమ్మను అడిగాడు.

"ఇక్కడ బండి ఆగదని తెలియదా అమ్మా?"

"తెల్సు సారూ."

"మరి ఎందుకు నిలబడ్డారు?"

"బండెక్కనీకి."

"ఆగని బండి ఎట్లా ఎక్కుతారు?"

"గందుకే నిలబడ్డం" అంది ఆదెమ్మ.

ఆఫీసర్ అక్కడి నుంచి నా వెంట వచ్చాడు. నా దుకాణంలో చాయ్ తాగాడు. మా అబ్బా, ఇంజన్ నీళ్లు, బాలింతలు, అన్నీ చెప్పాను. "స్టేషన్ మూసేశాం కదా, ఊరు ఎప్పుడో ఖాళీ అయిపోయి ఉంటుందనుకున్నాను" అన్నాడు. "స్టేషన్‌ను మీరు మూశారు, మేం ఇంకా ఇక్కడే ఉన్నాం సార్" అన్నాను. పాత స్టేషన్ గోడ మీద ఒకప్పుడు గంట వేలాడిన గుర్తును తడిమి వెళ్లిపోయాడు. వాళ్లు అట్లాగే వింటారు, అట్లాగే పోతారు అనుకుని మేం మరునాడు మళ్లీ నిలబడ్డాం. ఆశ పెట్టుకుని కాదు, అలవాటైపోయింది. భారతమ్మ గారికి ఒకరోజు జ్వరం వస్తే బదులుగా బసవపున్నయ్య గారే పంచె కట్టుకుని వచ్చి నిలబడ్డాడు, ఆ తర్వాత రావడం మానలేదు.

ఇవ్వాళ పొద్దున బండి వచ్చింది. హారన్ కొట్టింది, మెల్లగా అయింది. అంతా రోజూ ఉన్నట్టే ఉంది. ఇంకా మెల్లగా అయింది. అప్పుడు కీచుమని ఆగిపోయింది. నా ఎదురుగా పెట్టె తలుపు, దాని కింద మెట్టు. మేం ఎవరమూ కదలలేదు.

గార్డు దిగి వచ్చాడు. "ఎక్కుండ్రి. ఇయ్యాల్టి నుంచి ఈడ బండి ఆగేటట్టు హాల్ట్ ఇచ్చిండ్రు. టికెట్లు నా దగ్గర ఉన్నయి" అన్నాడు.

అయినా ఎవరూ కదలలేదు. మీరు నవ్వొద్దు. అన్నాళ్లు నిలబడి నిలబడి, నిలబడటమే పని అయిపోయింది. ఎక్కడికైనా పోవాలని ఎవరూ రాలేదు. ఆదెమ్మ మూట గార్డు చేత్తో పట్టుకుంటే తేలిపోయింది. విప్పి చూస్తే ఎండు ఆకులు. "ఆగుతదని తెలిస్తే అసలు మూటనే తెస్తుంటి గద" అని ఆమె గార్డునే కోప్పడింది. బసవపున్నయ్య గారి బట్టల పెట్టె ఖాళీది. నా సంచీలో చాయ్ గ్లాసులున్నాయి. గార్డు నెత్తి పట్టుకున్నాడు. "ఇన్ని దినాలు నిలబడి ఒక్కరన్న ఎక్కరా? ఏమని రాయాలె నేను?"

అప్పుడు వెనక పెట్టె నుంచి సర్వరీ దిగింది. గండిపాడులో ఎక్కిన పిల్ల, పుస్తకాలు గుండెకు పట్టుకుని ఉరుక్కుంటూ వచ్చింది. పరీక్షలు దగ్గర పడ్డాయి, బండి పోతే కాలేజీ పోతుంది.

"ఎందుకు దిగినవే?" అన్నాను.

"ఎక్కనీకి దిగిన అమ్మీ" అంది.

అని గార్డు దగ్గర చెయ్యి చాపింది. "జాలవాగు నుంచి కొత్తగూడెం ఒక టికెట్ ఇయ్యండి సార్." గార్డు దాని ముఖం చూశాడు, మా అందరి ముఖాలూ చూశాడు. టికెట్ రాసి ఇచ్చాడు. అది ఆ టికెట్ నా కళ్ల ముందు పెట్టి చూపించి, మన ప్లాట్‌ఫారం మీద నుంచి, మన ఊరి వాళ్లందరి మధ్య నుంచి మెట్టెక్కింది. బండి కదిలాక నేను పెట్టిన నియమం నేనే తప్పాను. వంతెన దాటేదాకా చెయ్యి ఊపుతూనే ఉన్నాను. పక్కన ఆదెమ్మ ఖాళీ మూటగుడ్డ ఊపింది.

రేపటికి ఆదెమ్మ నిజం మూట కడుతోంది. ఇంటికొచ్చిన జంపయ్య కట్టు విప్పించుకోవడానికి పోతాడట, ఈసారి మెట్టెక్కి కూర్చుని. టికెట్లు అమ్మే పని నన్ను చూసుకోమని గార్డు అడిగాడు. చాయ్ దుకాణం వదలనని చెప్పాను, రెండూ ఒక్కచోటే పెట్టుకోమన్నాడు.

పండక్కి రండి. డోర్నకల్ నుంచి మన బండిలోనే రండి. ఒక మాట మాత్రం వినాలి. జాలవాగులో బండి ఆగగానే దిగకండి. నేను ప్లాట్‌ఫారం మీద కనిపించినా దిగకండి. సర్వరీ ఎక్కుతుంది. దాని పక్కన కిటికీలో కూర్చుని, మీరు తట్టి తట్టి బిగించిన ఆ వంతెన మీదుగా మన పిల్లతో కొత్తగూడెం దాకా పోయి రండి. సాయంత్రం బండికి దిగుదురు గాని. మీరు వచ్చేసరికి చాయ్ నీళ్లు పొయ్యి మీద ఉంటాయి.

మీ
షాకేరా
జాలవాగు స్టేషన్